కారులోకి నీళ్లు వస్తున్నాయా? ఇంట్లోనే లీకు పట్టుకుని సరిచేసే పద్ధతి

వాన వెలిశాక కారెక్కితే కాళ్ల కింద మ్యాట్ చెమ్మగా తగులుతుంది. చాలామంది వెంటనే సీలెంట్ (సందులు మూసే జిగురు) ట్యూబు కొనుక్కొచ్చి, అనుమానం వచ్చిన ప్రతి సందులోనూ పూసేస్తారు. తర్వాతి వానకి మ్యాట్ మళ్లీ తడుస్తుంది. సీలెంట్ ఈ పనిలో చివరి మెట్టు. చాలాసార్లు ఆ మెట్టు దాకా వెళ్లాల్సిన అవసరమే రాదు.

కారు గురించి ఒక సంగతి ముందుగా తెలియాలి. వైపర్ల కింద గాడిలోకి, సన్‌రూఫ్ చుట్టూ ఉన్న కాలువలోకి, తలుపుల కడుపులోకి నీళ్లు రావడం లోపం కాదు. అవి వస్తాయని తెలిసే, బయటికి పోయేందుకు దారులు పెట్టారు. ఆ దారులు ఆకులతో, మట్టితో పూడుకుంటే నీళ్లు క్యాబిన్‌లోకి తిరుగుతాయి. అందుకే ముందు పూడిన దారి తెరవాలి, చిల్లు కోసం ఆ తర్వాతే వెతకాలి.

ఈ పద్ధతి వాన నీళ్లకూ, కడిగేటప్పుడు వచ్చే నీళ్లకూ, ఏసీ నీళ్లకూ మాత్రమే. వరదలో సీట్ల దాకా మునిగిన కారును ఇంట్లో ముట్టుకోవద్దు, స్టార్ట్ చేయొద్దు.

## 1. అవి ఏ నీళ్లో తేల్చుకోండి

తెల్లటి టిష్యూ కాగితంతో తడిని అద్ది చూడండి.

- మామూలు నీళ్లు, వాన పడితేనే లేదా కారు కడిగితేనే వస్తున్నాయి: బయటి లీకు. 2వ అంచెలోని జాగ్రత్తలు చదివి, 3వ అంచె నుంచి మొదలుపెట్టండి.
- మామూలు నీళ్లు, వాన లేకపోయినా ఏసీ నడిపిన రోజున వస్తున్నాయి: ఏసీ డ్రెయిన్ పైపు పూడింది. 2వ అంచెలోని జాగ్రత్తలు చదివి, తిన్నగా 5వ అంచెలోని ఏసీ భాగానికి వెళ్లండి.
- జిగటగా, రంగుగా, తియ్యటి వాసనతో ఉంది: అది కూలంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం). డాష్‌బోర్డు వెనక ఉండే హీటర్ కోర్ కారుతోంది. ముందు అద్దం లోపలివైపు నూనె పొరలా మసక కమ్మడం, బానెట్ కింద కూలంట్ మట్టం తగ్గుతుండడం కూడా దీని గుర్తులే. కూలంట్ విషం. పిల్లల్నీ, పెంపుడు జంతువుల్నీ దగ్గరికి రానివ్వకండి. ఇది మెకానిక్ పని.

రెండు నిమిషాల ఈ పరీక్ష చేయకుండా డోర్ ప్యాడ్లు (తలుపుల లోపలివైపు తొడుగులు) విప్పినవాళ్లు ఎందరో ఉన్నారు. దీన్ని దాటేయకండి.

## 2. కావలసిన సామాను, తప్పనిసరి జాగ్రత్తలు

- నీళ్ల పైపు (మామూలు ధార చాలు), మంచి టార్చి, లోపల కూర్చుని చూసేందుకు ఒక మనిషి
- ప్లాస్టిక్ ట్రిమ్ టూల్స్ (ట్రిమ్ అంటే కారు లోపలి తొడుగులు, వాటిని ఊడదీసేవి), స్క్రూడ్రైవర్లు, పానాలు
- 2–3 మిల్లీమీటర్ల మందమున్న మెత్తటి నైలాన్ తీగ (గడ్డి కోసే మిషన్లో వాడేది బాగుంటుంది)
- సుద్దముక్క, టిష్యూ కాగితాలు, మాస్కింగ్ టేప్
- బ్యూటైల్ టేప్ (జిగట రబ్బరు టేప్), ఐసోప్రొపైల్ ఆల్కహాల్, హెయిర్ డ్రయర్
- పాత తువ్వాళ్లు, ఫ్యాను, దొరికితే నీళ్లు పీల్చే వ్యాక్యూమ్

జాగ్రత్తల్లో మొదటిది ఎయిర్‌బ్యాగులు. సీట్ల కింద కనిపించే పసుపు రంగు కనెక్టర్లు సాధారణంగా వాటివే. ముందు అద్దం పక్కన ఉండే పిల్లర్ల ప్లాస్టిక్ వెనక కూడా ఎయిర్‌బ్యాగు ఉండొచ్చు. సీటు తీయాలన్నా, పిల్లర్ ట్రిమ్ విప్పాలన్నా ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, కనీసం పది నిమిషాలు ఆగాలి. మీ కారు మాన్యువల్‌లో ఇంకా ఎక్కువ సమయం చెబితే అంతసేపూ ఆగండి. పసుపు కనెక్టరు ఊడదీసి ఇగ్నిషన్ ఆన్ చేస్తే హెచ్చరిక లైటు వెలిగి అలాగే ఉండిపోతుంది.

రెండోది, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు తీగలు. వాటి మీద చెయ్యి వేయొద్దు. వాటి దగ్గర తడి కనిపిస్తే పని అక్కడే ఆపేసి సర్వీస్ సెంటరుకు ఫోను చేయండి.

## 3. తడి చోటు చూసి అనుమానితుల జాబితా రాసుకోండి

నీళ్లు దిగిన చోటే కనిపించవు. వైర్ల కట్ట వెంబడో, రేకు అతుకు వెంబడో పారి, పల్లం ఉన్న చోట నిలుస్తాయి. వెనక సీటు దగ్గర మడుగు ఉన్నా మూలం ముందు అద్దం దగ్గర ఉండొచ్చు. కాబట్టి మడుగును కాదు, తడి గీతను వెతకాలి. మ్యాట్ తీసి, గుమ్మం దగ్గర ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి, కార్పెట్ పైకెత్తి, రేకు మీద చెమ్మ ఎటునుంచి వచ్చిందో టార్చి వెలుగులో చూడండి. ఎండిన మట్టి చార కూడా మంచి సాక్ష్యమే.

- ముందు సీట్ల కాళ్ల దగ్గర, పైభాగంలో తడి: వైపర్ గాడి, ముందు అద్దం, సన్‌రూఫ్ ముందు పైపులు, ఇంజిన్ వైపు నుంచి వైర్లు వచ్చే రబ్బరు బిరడా
- గుమ్మం అంచు వెంట తడి: తలుపు లోపలి ప్లాస్టిక్ షీటు, డోర్ బీడింగ్ (తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ)
- రూఫ్ బట్ట మీద మరక: సన్‌రూఫ్, యాంటెన్నా అడుగు, రూఫ్ క్యారియర్ బోల్టులు
- స్టెప్నీ గుంటలో నీళ్లు: టెయిల్ ల్యాంపులు, డిక్కీ బీడింగ్, వెనక గాలి తూములు, మూడో బ్రేకు లైటు
- క్యాబిన్ ఫిల్టరు తడి: ముందు వైపర్ గాడినే అనుమానించండి

ఇంకో ప్రశ్న వేసుకోండి: ఈ మధ్య కారుకు ఏ పని జరిగింది? అద్దం మార్చారా, తలుపులో స్పీకరు వేయించారా, బంపర్ విప్పారా, అదనపు లైట్లకు వైరు లాగారా? జవాబు దొరికితే ముందు అక్కడే చూడండి. విప్పి బిగించిన చోట సరిగా అతకని రబ్బరు, మరిచిపోయిన బిరడా తరచూ దొరుకుతాయి.

## 4. పైపు పరీక్ష: కింది నుంచి పైకి

మొత్తం పనికి గుండెకాయ ఈ అంచె. దీనికి ఓపిక కావాలి.

1. లోపల తడినంతా తువ్వాలుతో ఒత్తేయండి. అనుమానం ఉన్న చోట్ల పొడి టిష్యూలు పరవండి.
2. తలుపులు, కిటికీలు, సన్‌రూఫ్ మూసేయండి. బ్లోయరు ఆపండి. టార్చి పట్టుకుని ఒకరు లోపల కూర్చోవాలి.
3. ధార చిన్నదిగా పెట్టి, తలుపు అడుగు అంచు నుంచి మొదలుపెట్టండి. ఒక్కో చోట ఐదు నుంచి పది నిమిషాలు పోయండి.
4. ఏమీ రాకపోతే కొంచెం పైకి జరగండి: తలుపు మధ్య, కిటికీ అంచు, వైపర్ గాడి, ముందు అద్దం కింది అంచు, పక్కలు, పై అంచు, చివరికి రూఫ్.
5. లోపలి మనిషి తడి చూడగానే కేకెయ్యాలి. ధార ఆపి, ఆ చోట టేప్ అంటించి గుర్తు పెట్టండి.
6. ఆ చోటును ఆరబెట్టి మళ్లీ పోసి ఖాయం చేసుకోండి.

కింది నుంచి ఎందుకంటే, రూఫ్ మీద పోసిన నీళ్లు అద్దం, తలుపు, గాడి అన్నిటినీ తడుపుతూ దిగుతాయి. అప్పుడు దేని తప్పో తేలదు.

ప్రెషర్ వాషర్ వాడొద్దు. అది బాగున్న రబ్బరును కూడా దాటి నీళ్లు కొడుతుంది, లేని లీకును చూపిస్తుంది. బానెట్ తెరిచి ఫ్యూజు బాక్సు మీదో, ఇంజిన్ గాలి పీల్చే గొట్టం మీదో ధార పెట్టొద్దు. డిక్కీలో ఎవరినైనా కూర్చోబెడితే వెనక సీటు మడిచి, వాళ్లు క్యాబిన్‌లోకి రాగలిగేలా ఉంచండి. పిల్లల్ని మాత్రం వద్దే వద్దు.

నీళ్లతో దొరకని సన్న సందుకు సబ్బునీళ్ల పరీక్ష ఉంది. అద్దాలన్నీ మూసి, బయటి గాలి లోపలికి వచ్చేలా పెట్టి, బ్లోయరును పూర్తి వేగంలో నడపండి. బయట అద్దాల అంచులకూ బీడింగ్ సందులకూ సబ్బునీళ్లు చిలకరించండి. గాలి తన్నుకొచ్చే చోట బుడగలు లేస్తాయి.

## 5. పూడిన దారులు తెరవండి

### వైపర్ గాడి

బానెట్ ఎత్తితే ముందు అద్దం కింద ప్లాస్టిక్ జాలీ కనిపిస్తుంది. దాని అడుగున ఆకులు కుళ్లి మెత్తటి మట్టిలా పేరుకుంటాయి. పైపైన చేత్తో ఏరేస్తే సరిపోదు. జాలీ విప్పాల్సిందే.

వైపర్లు అద్దం మీద ఆగిన గీతను మాస్కింగ్ టేప్‌తో గుర్తు పెట్టుకుని, నట్లు తీసి, వైపర్ చేతులు ఊడదీయండి. జాలీ క్లిప్పులు నెమ్మదిగా లేపండి. పాత ప్లాస్టిక్ చలికాలంలో పెళుసెక్కి విరుగుతుంది, కాబట్టి ఎండలో కాసేపు ఉంచి తీయడం మేలు. చెత్తను చేత్తో బయటికి తోడండి. నీళ్లు కొట్టి తూములోకి నెడితే అది ఇంకా లోతుగా బిగుసుకుంటుంది. రెండు పక్కలా ఉన్న తూముల్లో నైలాన్ తీగ ఆడించి, మగ్గుడు నీళ్లు పోసి, చక్రాల దగ్గర వేగంగా దిగుతున్నాయో లేదో చూడండి. జాలీ తిరిగి బిగించేటప్పుడు అద్దం అంచున అది పట్టుకునే రబ్బరు మడత పడకుండా చూసుకోవాలి.

### సన్‌రూఫ్ పైపులు

సన్‌రూఫ్ తెరిస్తే అంచు వెంట కాలువ, దాని మూలల్లో చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. చాలా కార్లలో నాలుగు మూలలా నాలుగు ఉంటాయి. వెనకవి అద్దం కింద దాగి కనిపించకపోవచ్చు. ముందు పైపులు పిల్లర్ల గుండా దిగి తలుపు కీళ్ల దగ్గరో ముందు చక్రం పైభాగంలోనో, వెనకవి వెనక చక్రం లేదా బంపరు దగ్గర బయటికి వస్తాయి.

ఒక్కో మూలలో చిన్న కప్పు నీళ్లు నెమ్మదిగా పోయండి. వెంటనే కింద కారితే పైపు బాగున్నట్టే. నీళ్లు నిలిచినా, చుక్కచుక్కగా దిగినా పూడింది. నీళ్లు మాయమై కింద ఎక్కడా రాలేదంటే పైపు జారి ఊడిపోయింది, ఆ నీళ్లు క్యాబిన్‌లోకే పోతున్నాయి.

నైలాన్ తీగ కొసను నిప్పు చూపి గుండ్రంగా చేసి, చల్లారాక మెల్లగా దూర్చండి. తగిలిన చోట తిప్పుతూ నెట్టండి, పొడవొద్దు. గట్టి ఇనప తీగ పైపును చీలుస్తుంది. కంప్రెసర్ గాలిని పూర్తి ఒత్తిడితో కొడితే పైపు పై కొస అతుకు ఊడిపోతుంది, అప్పుడు రూఫ్ బట్ట దించాల్సి వస్తుంది. గాలి కొట్టక తప్పకపోతే చాలా తక్కువ ఒత్తిడితో, అదీ కింది కొస నుంచి కొట్టండి. కింది కొసలో రబ్బరు పెదవులు ఉంటే వాటి మధ్య పట్టిన మట్టిని వేళ్లతో నలిపి తీయండి. చాలాసార్లు అడ్డు అక్కడే ఉంటుంది.

### తలుపు అడుగు రంధ్రాలు

తలుపు తెరిచి కింది అంచు తడమండి. రెండు మూడు చిన్న సందులు తగులుతాయి. పుల్లతో మట్టి తీసేయండి. తలుపు ఊపితే లోపల నీళ్లు గలగలమంటున్నాయంటే అవి పూర్తిగా మూసుకుపోయాయన్నమాట.

### ఏసీ డ్రెయిన్

ఏసీ నడుస్తూ నిలబడిన కారు కింద, ఉక్కపోత రోజున పావుగంటలో నీటి చుక్కలు పడాలి. పడకపోతే, ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడలోంచి బయటికి వచ్చే పొట్టి రబ్బరు గొట్టాన్ని వెతకండి. ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని, మెత్తటి తీగను కొద్దిగా మాత్రమే దూర్చి ఆడించండి. నీళ్లు ఒక్కసారిగా ముఖం మీదికి చిమ్ముతాయి. లోతుగా పొడిస్తే ఏసీ ఎవాపరేటరుకు (గాలిని చల్లబరిచే భాగానికి) చిల్లు పడే ప్రమాదం ఉంది. కారు కిందికి దూరాల్సి వస్తే స్టాండ్లు లేకుండా, కేవలం జాకీ మీద నమ్మకంతో దూరొద్దు.

## 6. తలుపు లోపలి షీటు అతికించడం

కిటికీ అద్దం వెంట దిగిన వాన తలుపు లోపల పారుతుంది. ఆ నీళ్లు క్యాబిన్ వైపు రాకుండా డోర్ ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ లేదా ఫోమ్ షీటు, నల్లటి బ్యూటైల్ జిగురుతో అతికి ఉంటుంది. ఏళ్లు గడిచినా, ఎవరైనా విప్పి సరిగా అతికించకపోయినా అది అడుగున ఊడుతుంది. అప్పుడు గుమ్మం మీదుగా నీళ్లు కార్పెట్‌లోకి దిగుతాయి.

1. హ్యాండిల్ వెనక, చేతి ఆనిక గుంటలో, మూతల కింద దాగిన స్క్రూలు అన్నీ తీయండి. బలం పెట్టాల్సి వస్తోందంటే ఇంకో స్క్రూ మిగిలి ఉంది.
2. ప్యాడ్ కింది అంచు నుంచి క్లిప్పులు ఒక్కొక్కటే లేపి, పైకి ఎత్తి తీయండి. వైర్లు లాగేయకుండా కనెక్టర్లు విప్పండి.
3. షీటు ఎక్కడ ఊడిందో చూడండి. నీళ్లు దాటిన చోట మట్టి చార ఉంటుంది.
4. ఊడిన భాగంలో పాత జిగురును తీసేసి, రేకును ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి.
5. కొత్త బ్యూటైల్ టేప్‌ను తెగకుండా, సాగదీయకుండా ఒకే వరసగా అంటించండి. హెయిర్ డ్రయర్‌తో వెచ్చచేసి షీటును వేళ్లతో గట్టిగా అదమండి.
6. షీటు కింది అంచు తలుపు లోపలికి దిగేలా ఉండేది అయితే అలాగే పెట్టండి. నీళ్లు తలుపు కడుపులోకి జారాలి, గుమ్మం మీదికి కాదు.
7. ప్యాడ్ వేసే ముందే పైపుతో కిటికీ మీద నీళ్లు పోసి చూడండి. వేశాక తెలిస్తే పనంతా మొదటికొస్తుంది.

చిరిగిన షీటు బదులు పల్చటి కవరు అతికించడం బాగా కనిపించే తప్పు. కొన్ని కార్లలో పక్కనుంచి గుద్దినప్పుడు ఎయిర్‌బ్యాగును తెరిపించే ఒత్తిడి సెన్సరు తలుపు లోపలే ఉంటుంది, తలుపు గాలి చొరకుండా మూసి ఉంటేనే అది సరిగా పనిచేస్తుంది. అలాంటి కారుకు అదే మోడల్ షీటు తెప్పించి వేయాలి.

## 7. బీడింగ్

బీడింగ్‌ను ముందు సబ్బునీళ్లతో తుడవండి. మట్టి రేణువులే రబ్బరును ఎత్తిపట్టి సందు చేస్తాయి. తర్వాత కాగితం పట్టీ పెట్టి తలుపు మూసి లాగండి. చుట్టూ ఒకేలాంటి పట్టు తగలాలి. తేలిగ్గా జారిన చోట రబ్బరు అణిగిపోయింది. బీడింగ్ మీద సుద్ద రుద్ది తలుపు మూసి తెరిస్తే, రేకు మీద గుర్తు పడని చోటే సందు.

రబ్బరు బాగానే ఉండి, గాడిలోంచి ఊడి ఉంటే వేళ్లతో అదిమి కూర్చోబెట్టండి. కింద రేకు అంచు వంగి ఉంటే ముందు దాన్ని సరిచేయండి. చిరిగినా గట్టిపడినా మార్చడమే దారి. రక్షణకు సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. పెట్రోలియం గ్రీజు, ఇంజిన్ ఆయిల్ రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి.

## 8. డిక్కీ, స్టెప్నీ గుంట

స్టెప్నీ, పక్క ట్రిమ్ తీసి, టెయిల్ ల్యాంపుల కింద రేకు మీద చార ఉందేమో చూడండి. ల్యాంపు విప్పి, పాత ఫోమ్ గ్యాస్కెట్ తీసి, కొత్తది గానీ బ్యూటైల్ టేప్ గానీ వేసి బిగించండి. నట్లను కొద్దికొద్దిగా, ఒకదాని తర్వాత ఒకటి సమంగా బిగించాలి. ఒకటే బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది.

వెనక బంపరు చాటున రబ్బరు రెప్పలున్న గాలి తూములు ఉంటాయి. వాటి చుట్టూ ఉన్న సీలు పాడైతే బాగుచేయండి. అంతేగానీ ఆ రెప్పల్ని సీలెంట్‌తో మూసేయొద్దు. తలుపులు మూసినప్పుడు లోపలి గాలి పోయేది వాటిలోంచే. మూస్తే తలుపులు గట్టిగా కొడితే తప్ప పడవు, అద్దాలు మసకేస్తాయి.

స్టెప్నీ గుంట అడుగున ఉన్న రబ్బరు బిరడా తీసేసి "ఇక నీళ్లు నిలవవు" అనుకోవడం ప్రమాదం. రోడ్డు నీళ్లతో పాటు సైలెన్సర్ పొగ కూడా ఆ దారిన లోపలికి రావచ్చు. నీళ్లు వదిలి, బిరడా మళ్లీ పెట్టండి.

## 9. ముందు అద్దం

ఇక్కడ ఇంటి పనికి హద్దు ఉంది. ఈ కాలపు కార్లలో ముందు అద్దం యురేథేన్ జిగురుతో బాడీకి అతికి ఉంటుంది. ప్రమాదంలో రూఫ్‌కు బలమిచ్చే భాగాల్లో అదీ ఒకటి. అంచున సన్న సందు మాత్రమే ఉంటే, పల్చగా పారే అద్దాల సీలెంట్‌ను శుభ్రమైన పొడి అంచులో వేస్తే లోపలికి జారి మూయవచ్చు. ఇది తాత్కాలికం. అంచు కింద తుప్పు ఉన్నా, అద్దం వేలితో నొక్కితే కదులుతున్నా ఏమీ పూయకండి. పూసిన సీలెంట్‌లోని సిలికాన్ మిగిలిపోతే దాని మీద కొత్త యురేథేన్ సరిగా అంటుకోదు. అద్దాలవాళ్ల చేత తీయించి, తుప్పు బాగుచేయించి, మళ్లీ అతికించుకోండి.

## 10. ఎక్కడ ఏ సీలెంట్

- డోర్ షీటు, ల్యాంపులు: బ్యూటైల్ టేప్. ఎప్పుడైనా మళ్లీ విప్పవచ్చు.
- రేకు అతుకులు: బాడీ సీమ్ సీలర్. తుప్పు ఉంటే గీకి, ప్రైమర్ వేసి, ఆరాకే సీలరు. దాని మీద రంగు.
- వైర్ల రబ్బరు బిరడాలు: ముందు సరిగా కూర్చోబెట్టండి. చిరిగితే మార్చండి.
- వాడకూడనిది: వెనిగర్ వాసన వేసే మామూలు సిలికాన్. అది ఆరేటప్పుడు వెలువడే ఆమ్లం రేకును తుప్పు పట్టిస్తుంది.

ఏది వేసినా తడి మీద, దుమ్ము మీద, నూనె మీద పట్టదు. ట్యూబు మీద రాసినంత సేపు ఆరనిచ్చాకే నీళ్లు తగలనివ్వండి.

## 11. ఆరబెట్టడం

కార్పెట్ పైన పొడిగా తగలగానే పని అయిపోయిందనుకుంటారు. దాని కింద మందపాటి ఫోమ్ వారాల తరబడి నీళ్లు పట్టి ఉంచుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది. కొన్ని కార్లలో కంప్యూటర్ యూనిట్లు, వైర్ల జాయింట్లు ఆ ఫోమ్ పక్కనే ఉంటాయి.

- వ్యాక్యూమ్‌తో, తువ్వాళ్ల మీద నిలబడి ఒత్తుతూ వీలైనంత నీళ్లు లాగండి
- కార్పెట్ ఎత్తి, కింద చెక్కముక్కలు పెట్టి, గాలి ఆడేలా ఫ్యాను తిప్పండి
- ఫోమ్ విడిగా వచ్చేదైతే తీసి నీడలో గాలికి ఆరేయండి
- ఆకుపచ్చగా, తెల్లగా తుప్పు పట్టిన కనెక్టర్లు కనిపిస్తే బ్యాటరీ విప్పి ఉంచి కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేయండి. పసుపు రంగు కనెక్టర్లను మెకానిక్‌కు వదిలేయండి
- ఫోమ్ కింద టిష్యూ పెట్టి బరువు ఉంచండి. అది పొడిగా బయటికి వచ్చేదాకా కార్పెట్ పరవొద్దు

లీకు మూయకుండా సెంటు డబ్బాలు, తేమ పీల్చే సంచులు పెట్టడం వల్ల వాసన కొన్నాళ్లు అణుగుతుంది, రేకు మాత్రం తుప్పు పడుతూనే ఉంటుంది.

## 12. మళ్లీ పరీక్ష

సీలెంట్ ఆరాక అదే చోట, అదే ధారతో, మొదటిసారి కన్నా ఎక్కువసేపు పోయండి. తడి రాకపోతే మిగతా చోట్లు కూడా ఒక చుట్టు పరీక్షించండి. రెండు లీకులు ఒకేసారి ఉండడం అరుదేమీ కాదు. ట్రిమ్‌లు వెంటనే బిగించకుండా ఒక మంచి వాన చూసి బిగిస్తే శ్రమ మిగులుతుంది. అన్నీ బిగించాక బ్యాటరీ తగిలించి, కిటికీలు, లాకులు, స్పీకర్లు, హెచ్చరిక లైట్లు చూసుకోండి.

ఆ తర్వాత చెట్ల కింద నిలిపే కారుకు ఆకులు రాలే కాలంలో నెలకోసారి, మిగతావాటికి వానలకు ముందూ తర్వాతా వైపర్ గాడి, సన్‌రూఫ్ మూలలు, తలుపు రంధ్రాలు చూస్తే చాలు.

## 13. మెకానిక్ దగ్గరికి ఎప్పుడు

కూలంట్ కారుతున్నా, ముందు అద్దం వదులైనా, సన్‌రూఫ్ పైపు రూఫ్ లోపల ఊడినా, ఎయిర్‌బ్యాగు లైటు వెలిగినా, గుద్దుకున్న కారులో రేకు అతుకు తెరుచుకున్నా తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు టేప్ గుర్తులు తీయొద్దు. ఎక్కడ ఎంతసేపు నీళ్లు పోస్తే ఎక్కడ తడి వచ్చిందో కాగితం మీద రాసి, ఫోనులో తీసిన వీడియోతో పాటు ఇవ్వండి. వెతకడానికి పట్టే సమయం వాళ్లకు మిగులుతుంది, ఆ కూలీ మీకు మిగులుతుంది.